చిన్న ఉపగ్రహాలకు ప్రైవేటు రాకెట్లు: అటవీ సరిహద్దు మండలాలకు వాటితో గల సంబంధం

ప్రత్యేక వ్యాసం

తల్లాడ (ఖమ్మం జిల్లా): ఖమ్మం నుండి సత్తుపల్లి వెళ్లే మార్గంలో వైరా దాటిన పిమ్మట వచ్చే మండల కేంద్రం తల్లాడ. ఇక్కడి నుండి ఒక దారి కల్లూరు మీదుగా సత్తుపల్లికి, మరొక దారి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెానికి, ఆపై భద్రాచలం అడవుల దిశగా సాగుతుంది. మిరప, పత్తి, వరి పండే మైదానానికీ, తునికాకు, ఇప్పపువ్వు దొరికే అడవికీ మధ్యనున్న ప్రాంతమిది. ఏటా ఫిబ్రవరి నుండి మే వరకు అడవిలో నిప్పు, వర్షకాలంలో ఉత్తరాన గోదావరి వరద ఈ ప్రాంత అధికార యంత్రాంగానికి తప్పని బాధ్యతలు. ఈ రెండింటికీ ఆకాశం నుండి వచ్చే సమాచారమే నేడు ప్రధాన ఆధారం. కాగా ఆ సమాచారం ఎంత తరచుగా వస్తుందన్నది ఉపగ్రహాల సంఖ్యను బట్టి, ఉపగ్రహాల సంఖ్య వాటిని పైకి చేర్చే రాకెట్ల లభ్యతను బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలు రాకెట్ల నిర్మాణానికి పూనుకున్న విషయం తల్లాడ వంటి మండలాలకు సంబంధించినదయ్యేది ఇక్కడే.

అడవి నిప్పు విషయమే తీసుకొనవచ్చు. ఇప్పపువ్వు ఏరుకొనేందుకు చెట్ల కింద ఎండుటాకు కాల్చడం, తునికి మోడులు చిగిర్చేందుకు నిప్పు పెట్టడం, బాటసారులు పారవేసిన బీడీ ముక్కలు మొదలైన కారణాల వలన మంటలు చెలరేగుతుంటాయి. వీటిని కనిపెట్టి రాష్ట్రాల అటవీ శాఖలకు హెచ్చరికలు పంపే భారత అటవీ సర్వేక్షణ సంస్థ ప్రధానంగా మోడిస్, విర్స్ అనే విదేశీ ఉపగ్రహ పరికరాలపై ఆధారపడుతున్నది. మోడిస్ చిత్రంలో ఒక బిందువు నేలపై ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పుకు సమానం, అనగా సుమారు 247 ఎకరాలు. విర్స్ పరికరంలో బిందువు 375 మీటర్లు, అనగా దాదాపు 35 ఎకరాలు. అంతకంటె చిన్న మంట కూడా వేడిని బట్టి దొరకుతుంది గాని, ఆ 35 ఎకరాలలో ఎక్కడ ఉన్నదో బీట్ అధికారి నడచి వెదుకుకొనవలసిందే. పైగా ఒక్కొక్క ఉపగ్రహం ఒకే ప్రాంతం మీదుగా పగలు, రాత్రి కలిపి రోజుకు రెండు మార్లు మాత్రమే వెళుతుంది. మధ్యాహ్నం రెండు గంటల వేళ ఉపగ్రహం దాటిపోయిన తరువాత అంటుకొన్న నిప్పు తిరిగి కంటబడే సరికి అర్ధరాత్రి దాటుతుంది.

వరద విషయంలో ఇబ్బంది మరొక విధమైనది. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీ అవుతుందని, 1986లో నమోదైన 75.6 అడుగులు మాత్రమే దీనికి మించినవని గుర్తుంచుకొన్నచో ఆ వరద తీవ్రత అర్థమవుతుంది. అటువంటి రోజులలో ఆకాశం పూర్తిగా మేఘావృతమై ఉంటుంది కనుక మామూలు కెమెరా గల ఉపగ్రహాలు పనికిరావు. మేఘాల గుండా చూడగలిగేది రాడార్ ఉపగ్రహమే. 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 ఆ కోవకు చెందినది. దానికి తోడుగా పంపదలచిన ఈఓఎస్-09 రాడార్ ఉపగ్రహం 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడవ దశలో లోపం తలెత్తగా నష్టమైపోయింది. 2025 జులై 30న భారత్, అమెరికా సంయుక్తంగా పంపిన నైసార్ మిక్కిలి శక్తిమంతమైన ఉపగ్రహమే అయినను, ఒకే కోణం నుండి ఒకే చోటును తిరిగి చూచేందుకు దానికి 12 రోజులు పడుతుంది. గోదావరి వరద మూడు నాలుగు రోజులలో పెరిగి, తగ్గిపోతుంది. ఎంత గొప్పదైనను ఒక్క ఉపగ్రహం చాలదు. చవకయినవి, చిన్నవి, అనేకం కావలెనన్న వాదన ఇటువంటి లెక్కల నుండి పుట్టినదే.

బస్సు, ఆటో

చిన్న ఉపగ్రహమనగా సాధారణంగా 500 కిలోలకు లోబడినది. పది కిలోలలోపువి కూడా అనేకం. వీటిని ఇంతకాలం పెద్ద రాకెట్లలో ప్రధాన ఉపగ్రహానికి తోడు ప్రయాణికులుగా పంపుతూ వచ్చారు. 2017 ఫిబ్రవరి 15న పీఎస్ఎల్‌వీ-సీ37 ఒకే ప్రయోగంలో 104 ఉపగ్రహాలను కక్ష్యలో చేర్చినది. 2021 జనవరి 24న అమెరికాకు చెందిన స్పేస్ఎక్స్ సంస్థ 143 ఉపగ్రహాలను ఒకేసారి పంపి ఆ సంఖ్యను దాటినది.

తల్లాడ కూడలిలో నిలబడిన ప్రయాణికుడికి ఈ ఏర్పాటు సులభంగానే బోధపడుతుంది. ఆర్టీసీ బస్సులో చార్జీ తక్కువ. అయితే బస్సు తన వేళకు, తన దారిన పోతుంది, లోపలి ఊరికి పోవలసినవారు దిగి నడవవలసిందే. ఆటో మాట్లాడుకొంటే ఇంటి ముందు దింపుతుంది, డబ్బు ఎక్కువ. రాకెట్ల విషయంలో ఈ తేడా చాలా ఎక్కువ. స్పేస్ఎక్స్ తన ఉమ్మడి ప్రయోగాలకు తొలుత ప్రకటించిన ధర 200 కిలోలకు 10 లక్షల డాలర్లు, అనగా కిలోకు 5 వేల డాలర్లు. రాకెట్ ల్యాబ్ అనే సంస్థ న్యూజిలాండ్ నుండి ప్రయోగించే ఎలక్ట్రాన్ అనే చిన్న రాకెట్ 300 కిలోలు మోయగలదు. దాని ధర 75 లక్షల డాలర్ల స్థాయిలో ఉండినప్పుడు పూర్తి బరువుకు లెక్కించినను కిలోకు 25 వేల డాలర్లు అవుతుంది. ఐదు రెట్లు అధికమైనను ఎలక్ట్రాన్‌కు గిరాకీ తగ్గలేదు. కారణం, ఉమ్మడి ప్రయోగంలో పోయిన ఉపగ్రహాలన్నియు ఒకే కక్ష్యలో గుంపుగా దిగుతాయి. రోజులో వేర్వేరు వేళలలో ఒకే ప్రాంతాన్ని చూడవలెనంటే ఉపగ్రహాలను వేర్వేరు కక్ష్యాతలాలలో అమర్చవలసి ఉన్నది. కక్ష్యాతలం మార్చుకొనేందుకు కావలసిన ఇంధనం చిన్న ఉపగ్రహం మోయలేదు. దానిని సరియైన చోట దింపేందుకే చిన్న రాకెట్.

అయినను ఈ వ్యాపారంలో నిలదొక్కుకొన్నవారికంటె పడిపోయినవారే ఎక్కువ. స్పేస్ఎక్స్ తొలి చిన్న రాకెట్ ఫాల్కన్-1 వరుసగా మూడుసార్లు విఫలమై, 2008 సెప్టెంబర్ 28న నాల్గవ ప్రయత్నంలో గాని కక్ష్య చేరలేదు. విమానం రెక్క కింద నుండి రాకెట్లు వదలిన వర్జిన్ ఆర్బిట్ సంస్థ 2023 ఏప్రిల్‌లో దివాలా పిటిషను దాఖలు చేసినది.

హైదరాబాద్ ప్రయత్నం

దేశంలో ఈ రంగాన ముందు నిలిచిన స్కైరూట్ ఏరోస్పేస్‌ను ఇస్రోలో ఇంజనీర్లుగా పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాక 2018లో హైదరాబాద్‌లో స్థాపించారు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం అంతరిక్ష రంగంలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించి, అందుకు ఇన్‌స్పేస్ అనే అనుమతుల సంస్థను నెలకొల్పినది. అంతకు రెండేళ్ల ముందే, రాకెట్ ఎగురవేసేందుకు దరఖాస్తు ఎవరికి పెట్టుకోవలెనో కూడా నిర్ణయం కాని సమయంలో ఈ కంపెనీ ప్రారంభం కావడం గమనార్హం.

హైదరాబాద్‌ను ఎంచుకొనుటకు కారణాలు స్పష్టమే. క్షిపణి ప్రయోగశాలలు, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, రాకెట్ ఇంజన్ల భాగాలు చేసే ఎంటార్, ఉపగ్రహ, వాహక నౌకల ఎలక్ట్రానిక్ వ్యవస్థలు రూపొందించే అనంత్ టెక్నాలజీస్ మున్నగు సంస్థలు దశాబ్దాలుగా ఇస్రోకు, రక్షణ శాఖకు పనిచేస్తూ నైపుణ్యం గల కార్మికులను, ఇంజనీర్లను తయారుచేసి ఉంచాయి. బాలానగర్‌లో, షాద్‌నగర్‌లో జాతీయ దూర సంవేదన కేంద్రం ఉన్నది. తెలంగాణ ప్రభుత్వం 2022 ఏప్రిల్‌లో అంతరిక్ష సాంకేతిక రంగానికి ప్రత్యేక విధాన పత్రాన్ని విడుదల చేసినది.

2022 నవంబర్ 18న ఉదయం 11 గంటల 30 నిమిషాలకు శ్రీహరికోట నుండి స్కైరూట్ రాకెట్ విక్రమ్-ఎస్ ఎగిరినది. దేశంలో ఒక ప్రైవేటు సంస్థ నిర్మించిన రాకెట్ ఎగరడం అదే ప్రథమం. దాని ఎత్తు 6 మీటర్లు, బరువు 545 కిలోలు. 83 కిలోల బరువు గల మూడు పరికరాలను అది మోసినది. వాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఎన్-స్పేస్‌టెక్ సంస్థది, ఒకటి చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియాది, మరొకటి ఆర్మీనియాకు చెందిన పరిశోధనశాలది. రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరి, ఐదు నిమిషాల లోపే బంగాళాఖాతంలో పడినది.

పాత్రికేయులు ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చూడవలసి ఉన్నది. విక్రమ్-ఎస్ ఉపగ్రహాన్ని ప్రయోగించిందని నేటికీ కొన్నిచోట్ల రాయబడుతున్నది. అది సరికాదు. అది ఉపకక్ష్య ప్రయోగం, అనగా పైకి పోయి కింద పడే ప్రయోగం. ధ్వని వేగానికి ఐదు రెట్లు, సెకనుకు ఇంచుమించు 1.7 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. 500 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం నిలిచేందుకు సెకనుకు 7.6 కిలోమీటర్ల వేగం అవసరం. వేగం నాల్గవ వంతు లోపు గనుక, వేగపు వర్గాన్ని అనుసరించి పెరిగే శక్తి ఇరవయ్యవ వంతు మాత్రమే. ఎత్తు విషయంలో కూడా, అంతరిక్షపు హద్దును అంతర్జాతీయంగా ఎక్కువమంది 100 కిలోమీటర్లుగా, అమెరికా సంస్థలు 80 కిలోమీటర్లుగా లెక్కిస్తున్నందున, విక్రమ్-ఎస్ అంతరిక్షాన్ని తాకిందా లేదా అన్నది ఏ గీత గీసుకొన్నారన్న దానిపై ఆధారపడుతుంది. ఇది ఆ ప్రయోగం విలువను తగ్గించేది కాదు. ఇంజన్, ఎలక్ట్రానిక్ పరికరాలు, నేలపై నుండి గమనించే వ్యవస్థ, అనుమతుల విధానం ఇవన్నీ ఒక్కసారి నిజంగా పనిచేసి చూపడమే దాని లక్ష్యం, అది నెరవేరినది.

కక్ష్యకు చేరేందుకు ఉద్దేశించిన రాకెట్ విక్రమ్-1. అందులో మూడు ఘన ఇంధన దశలు, చివరన ఉపగ్రహాన్ని నిర్ణీత కక్ష్యలో కుదిర్చే ద్రవ ఇంధన విభాగం ఉంటాయి. ఘన ఇంధన మోటార్లకు అబ్దుల్ కలాం పేరు, ద్రవ ఇంధన ఇంజన్లకు సి.వి. రామన్ పేరు పెట్టారు. రెండవ దశ కలాం-250 పరీక్ష 2024 మార్చి 27న, మొదటి దశ కలాం-1200 పరీక్ష 2025 ఆగస్టు 8న శ్రీహరికోటలో జరిగాయి. మొదటి దశ పొడవు 11 మీటర్లు, వ్యాసం 1.7 మీటర్లు, అందులో నింపిన ఇంధనం 30 టన్నులు. 2025 నవంబర్ 27న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ వీడియో ద్వారా హైదరాబాద్‌లో సంస్థ యొక్క ఇన్ఫినిటీ ప్రాంగణాన్ని ప్రారంభించి, విక్రమ్-1ను ఆవిష్కరించారు. నెలకొక రాకెట్ తయారుచేయగల సామర్థ్యంతో దీనిని నిర్మించినట్లు ప్రకటించారు.

రాకెట్ చిన్నదైనంత మాత్రాన పని చిన్నది కాదు. దిశానిర్దేశం చేసే కంప్యూటరు, బ్యాటరీలు, తీగలు రాకెట్ సగమైనంతనే సగం బరువు కావు. పెద్ద రాకెట్‌లో లెక్కలోకి రాని పది కిలోలు చిన్న రాకెట్‌లో ఒక ఉపగ్రహపు చోటును మింగివేస్తాయి. అందువలననే ఉక్కు తొడుగులకు బదులు కార్బన్ నారతో అల్లిన తొడుగులను వాడుతున్నారు. దేశ అనుభవం కూడా దీనినే చెప్పుచున్నది. భారత్ తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎల్‌వీ-3 బరువు 17 టన్నులే. 1979 ఆగస్టు 10న విఫలమై, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ఉంచినది. దాని తరువాతి ఏఎస్ఎల్‌వీ 1987, 1988 సంవత్సరాలలో రెండుమార్లు వరుసగా విఫలమైనది.

ఇస్రో స్వయంగా రూపొందించిన చిన్న ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎస్ఎల్‌వీకి కూడా ఇదే ఎదురైనది. 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు గల ఈ రాకెట్ 500 కిలోలను 500 కిలోమీటర్ల కక్ష్యకు చేర్చగలదు. 2022 ఆగస్టు 7న తొలి ప్రయోగంలో రెండవ దశ విడిపోయే క్షణాన కలిగిన అదురును వేగమాపకాలు తట్టుకొనలేకపోగా, కంప్యూటరు వాటి కొలతలను పక్కన పెట్టి మరొక మార్గం అనుసరించినది. ఫలితంగా 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్యకు బదులు ఒక కొన 76 కిలోమీటర్లకు దిగజారిన కక్ష్యలో ఉపగ్రహాలు పడి, వెంటనే నాశనమైనాయి. 2023 ఫిబ్రవరి 10న, 2024 ఆగస్టు 16న జరిగిన ప్రయోగాలు సఫలమైనాయి. ఈ రాకెట్ సాంకేతిక పరిజ్ఞానాన్ని 511 కోట్ల రూపాయల బిడ్‌తో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ దక్కించుకొని, 2025 సెప్టెంబర్ 10న ఒప్పందంపై సంతకం చేసినది. చెన్నైకి చెందిన అగ్నికుల్ కాస్మోస్ నాలుగుసార్లు వాయిదా పడిన తరువాత 2024 మే 30న తన ఉపకక్ష్య రాకెట్‌ను శ్రీహరికోటలోని సొంత ప్రయోగ వేదిక నుండి ఎగురవేసినది. దాని ఇంజన్ ఒకే ముక్కగా త్రీడీ ముద్రణలో తయారైనది.

ప్రయోగ స్థలం, బాధ్యత

హైదరాబాద్‌లో తయారైన రాకెట్‌ను హైదరాబాద్ నుండి గాని, ఖమ్మం నుండి గాని ఎందుకు ఎగురవేయరన్న సందేహం పాఠశాల విద్యార్థులే గాక పెద్దలు కూడా అడుగుతుంటారు. ఖాళీ అయిన దశలు కింద పడవలసిందే. తల్లాడ నుండి తూర్పుగా పోయే రాకెట్ సత్తుపల్లి, అశ్వారావుపేట, గోదావరి జిల్లాల మీదుగా పోవలసి ఉంటుంది. సముద్రపు ఒడ్డు తప్ప గత్యంతరం లేదు.

ఒడ్డున ఉన్న శ్రీహరికోటకు కూడా ఒక ఇబ్బంది కలదు. భూమిని పరిశీలించే ఉపగ్రహాలు ఎక్కువగా ధ్రువాల మీదుగా తిరుగుతాయి గనుక రాకెట్ దక్షిణంగా పోవలెను. శ్రీహరికోటకు నేరుగా దక్షిణాన శ్రీలంక ఉన్నది. దానిని తప్పించేందుకు రాకెట్ తొలుత ఆగ్నేయంగా పోయి, తరువాత మలుపు తిరుగుతుంది. ఆ మలుపుకు అయ్యే ఇంధనం పీఎస్ఎల్‌వీకి భరింపదగినదే, చిన్న రాకెట్‌కు మాత్రం మోయగల బరువులో పెద్ద భాగాన్ని హరిస్తుంది. తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కొరకు రెండవ ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరగడానికి కారణమిదే. అక్కడి నుండి దక్షిణంగా సముద్రమే గాని నేల లేదు.

ప్రైవేటు రాకెట్ అన్నంతనే ప్రభుత్వ బాధ్యత తీరినట్లు కాదు. 1967 నాటి బాహ్యాంతరిక్ష ఒడంబడిక, 1972 నాటి నష్టపరిహార ఒడంబడిక ప్రకారం రాకెట్ వలన మరొక దేశానికి నష్టం వాటిల్లినచో జవాబుదారీ ప్రయోగించిన దేశమే, కంపెనీ కాదు. అందుచేత ఇన్‌స్పేస్ అనుమతి లేనిదే ఏ రాకెట్ కదలదు. శ్రీహరికోటలో భద్రత చూచేది ఇస్రోయే. విక్రమ్-1 మొదటి దశలో ఇంధనం నింపినది, దానిని పరీక్షించినది కూడా ఇస్రో ప్రాంగణంలోనే. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం రాకెట్ల తయారీలో 49 శాతం వరకు విదేశీ పెట్టుబడిని ముందస్తు ప్రభుత్వ ఆమోదం లేకుండా అనుమతిస్తున్నారు. ఉపగ్రహాల తయారీలో ఈ పరిమితి 74 శాతం. రాకెట్‌పై పరిమితి తక్కువగా ఉండుటకు హేతువు తెలియనిది కాదు. రాకెట్‌కు, క్షిపణికి సాంకేతికంగా ఉన్న దూరం తక్కువ.

రాష్ట్రంలోని ఉపగ్రహ కంపెనీలకు మాత్రం నేటి అవసరం సమయానికి చోటు దొరకడమే. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ తన తొలి ఉపగ్రహాలు థైబోల్ట్-1, థైబోల్ట్-2లను 2022 నవంబర్ 26న, అనగా విక్రమ్-ఎస్ ఎగిరిన ఎనిమిది రోజులకు, పీఎస్ఎల్‌వీ-సీ54లో తోడు ప్రయాణికులుగా పంపినది. ఒకే నగరంలో ఉపగ్రహం చేసేవారు, రాకెట్ చేసేవారు ఉన్నను వారిద్దరు కలిసి పనిచేసేందుకు కక్ష్యకు చేరే ప్రైవేటు రాకెట్ కావలెను.

చిత్రం, పట్టా

ఉపగ్రహ చిత్రాలు పెరిగిన కొద్దీ అటవీ సరిహద్దు మండలాలలో వాటి వాడకం నిప్పు, వరదలతో ఆగదు. పోడు భూముల హక్కుల విచారణలో కూడా వాటిని చూపుతున్నారు. ఈ విషయంలో క్షేత్రస్థాయి అధికారులు రెండు సంగతులు మనసులో ఉంచుకొనవలసి ఉన్నది. అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగు 2005 డిసెంబర్ 13 నాటికి ఉండవలెను. కొత్త ఉపగ్రహాలు ఎన్ని వచ్చినను ఆ నాటి నేలను తిరిగి చిత్రించలేవు. నాటి చిత్రాలే ఆధారం. 2003 అక్టోబర్‌లో పంపిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 కెమెరాకు ఒక బిందువు 23.5 మీటర్లు, అనగా సుమారు ఐదున్నర గుంటల నేల. ఎకరం పోడు చెక్క ఆ చిత్రంలో ఏడెనిమిది బిందువులు మాత్రమే. చెట్లను మిగిల్చి మధ్య మధ్య విత్తిన చెక్క అడవిగానే కనిపించవచ్చును. 2012లో సవరించిన అటవీ హక్కుల నియమావళి 12-ఎ నియమం ఉపగ్రహ చిత్రాలు ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండవచ్చునే గాని వాటికి ప్రత్యామ్నాయంగా పరిగణించరాదని స్పష్టపరుస్తున్నది. కావున చిత్రంలో సాగు కనిపించలేదన్న ఒక్క కారణంతో దరఖాస్తును తిరస్కరించరాదు. గ్రామసభ ముందుకు వచ్చిన ఇతర సాక్ష్యాలను, పెద్దల వాంగ్మూలాలను కూడా పరిశీలించి, నిర్ణయానికి కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయవలెను.